ఫ్రీపీబీఎక్స్‌లో కాల్ ఆంక్షలు: విజయవాడలో ఒక కార్యాలయానికి అమర్చి చూసిన సమీక్ష

విజయవాడలో విదేశీ విద్యకు సలహాలిచ్చే ఒక కార్యాలయానికి కొత్త టెలిఫోన్ వ్యవస్థ అమర్చే బాధ్యత నాకు అప్పగించినప్పుడు యాజమాన్యం మూడు విషయాలు కోరింది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలతో మాట్లాడవలసిన కౌన్సెలర్ల ఫోన్లకు ఐఎస్‌డీ ఉండాలి; మిగిలిన బల్లల మీది ఫోన్లకు అది ఉండకూడదు; నెల చివర బిల్లు వచ్చినప్పుడు ఏ కాల్ ఎవరు చేశారో తేలాలి. ఇందుకు నేను ఎంచుకున్నది ఫ్రీపీబీఎక్స్. ఆస్టరిస్క్ అనే ఉచిత టెలిఫోన్ సాఫ్ట్‌వేర్‌ను ఆదేశాలు టైపు చేసే అవసరం లేకుండా బ్రౌజర్‌లోనే నడుపుకోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ ఇది. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఆస్టరిస్క్, దాని మీద కట్టిన ఫ్రీపీబీఎక్స్, రెండూ ఇప్పుడు కెనడాకు చెందిన సాంగోమా సంస్థ చేతిలో ఉన్నాయి. నేను అమర్చినది డెబియన్ 12 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే 17వ వెర్షన్. వ్యవస్థ మొత్తాన్ని కాక, బయటికి వెళ్లే కాల్స్‌కు హద్దులు పెట్టే పనిని అది ఎంత బాగా చేస్తుందన్న సంగతిని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆంక్షల విషయంలో ఇది చాలా సమర్థమైన సాధనం, పైగా ఉచితం. అయితే కార్యాలయంలోని ఫోన్లను కలిపే పాత ఈపీఏబీఎక్స్ పెట్టెలు ఫోన్‌కు తాళం వేస్తే, ఫ్రీపీబీఎక్స్ దారికి తాళం వేస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుని అమర్చినవారికి ఇది చక్కగా పనిచేస్తుంది. పాత అలవాటుతో అమర్చినవారికి అన్నీ మూసినట్టే కనిపించి ఎక్కడో ఒక తలుపు తెరిచే ఉంటుంది.

పాత పద్ధతి ఏమిటో కొంత చెప్పుకోవాలి. మన చిన్న కార్యాలయాల్లో చాలాకాలం కనిపించిన పానసోనిక్ కేఎక్స్-టీఈఎస్824 పెట్టెను తీసుకుంటే, అది మూడు బయటి లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లతో మొదలై ఎనిమిది లైన్లు, ఇరవై నాలుగు ఎక్స్‌టెన్షన్ల దాకా పెరుగుతుంది. అందులో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు ఒకటి నుంచి ఐదు వరకు ఒక తరగతి ఇస్తారు. ఒకటో తరగతికి ఏ ఆంక్షా లేదు. సంఖ్య పెరిగేకొద్దీ నిషేధించిన అంకెల జాబితా పొడుగవుతుంది. పగటికి ఒక తరగతి, రాత్రికి మరొక తరగతి ఇవ్వవచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే, తిప్పుడు డయల్ ఫోన్ల కాలంలో డయల్ రంధ్రంలో చిన్న తాళం బిగించేవారు. రిసీవరు పెట్టే మీటను లయగా తట్టి నంబరు కలిపే నేర్పరులు ఆ తాళాన్ని లెక్కచేసేవారు కాదు, ఎందుకంటే తాళం డయల్‌కే ఉంది, లైనుకు లేదు. ఆ తరువాత వచ్చిన ఎస్టీడీ లాక్ నిజంగా లైనుకు వేసినది. సున్నాతో మొదలయ్యే నంబరు ఏదైనా ఆపేస్తే సరిపోయేది.

ఆ ఒక్క సున్నా సూత్రం ఇప్పుడు పనికిరాదు. 2021 జనవరి 15 నుంచి దేశంలో ఏ ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసినా ముందు సున్నా కలపడం తప్పనిసరి అయింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు మేరకు చేసిన ఈ మార్పు వల్ల 254.4 కోట్ల కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని అప్పట్లో ప్రకటించారు. దాని ఫలితంగా, సున్నాను ఆపే పాత ఆంక్షను అలాగే ఉంచిన కార్యాలయంలో ఎదురుగా ఉన్న దుకాణం యజమాని మొబైల్‌కు కూడా కాల్ పోదు. సున్నాను అనుమతిస్తే ఊళ్లన్నింటికీ ఎస్టీడీ తెరుచుకుంటుంది, సరిగా రాయకపోతే రెండు సున్నాలతో మొదలయ్యే ఐఎస్‌డీ కూడా తెరుచుకుంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకొక చిక్కు ఉంది. మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కాబట్టి, సున్నా తరువాత ఆ నాలుగింటిలో ఏదో ఒక అంకె ఉన్న పదకొండు అంకెల నంబరునే అనుమతిస్తే మొబైల్ మాత్రమే తెరుచుకుని ఎస్టీడీ మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. ముంబయి 022కో, ఢిల్లీ 011కో, చెన్నై 044కో అది నిజమే. హైదరాబాద్ 040కి కూడా నిజమే. కాని విజయవాడ 0866, గుంటూరు 0863, రాజమండ్రి 0883, తిరుపతి 0877, విశాఖపట్నం 0891, వరంగల్ 0870 అన్నీ 08తోనే మొదలవుతాయి, వాటి మొత్తం పొడవు కూడా మొబైల్ నంబరుతో సమానమే. అందువల్ల మొబైల్ కోసం రాసిన నియమం మన జిల్లాల ల్యాండ్‌లైన్లను కూడా దాటనిస్తుంది. దీన్ని విడదీయడానికి నేను ప్రయత్నించలేదు, అవసరమూ కనిపించలేదు. దేశంలో మాట్లాడుకునే కాల్స్‌కు విడిగా లెక్క కట్టని ప్లాన్లే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నప్పుడు గుంటూరుకు పోయే కాల్‌ను ఆపడానికి పడే శ్రమ వృథా. నిజంగా డబ్బు పోయేది విదేశాలకు వెళ్లే కాల్స్‌లోనే. ఆంక్షల పని అక్కడే చేయాలి.

ఇక ఫ్రీపీబీఎక్స్ పద్ధతికి వస్తే, బయటికి వెళ్లే ప్రతి కాల్ ఔట్‌బౌండ్ రూట్ల జాబితా గుండా పోతుంది. ప్రతి రూట్‌కు కొన్ని నంబరు నమూనాలు, అవి సరిపోలినప్పుడు కాల్‌ను పంపవలసిన ట్రంకుల (కార్యాలయాన్ని బయటి నెట్‌వర్క్‌తో కలిపే లైన్ల) వరుస ఉంటాయి. నమూనాలో ఎక్స్ అనే అక్షరం 0 నుంచి 9 వరకు ఏ అంకెనైనా సూచిస్తుంది. జెడ్ 1 నుంచి 9 వరకు, ఎన్ 2 నుంచి 9 వరకు. చదరపు కుండలీకరణాల్లో రాసిన అంకెల్లో ఏదో ఒకటి రావచ్చు. చివర పెట్టిన చుక్క అంటే ఆపైన ఒకటో అంతకంటే ఎక్కువో ఏ అంకెలైనా కావచ్చు. జాబితాను పైనుంచి కిందికి చూస్తూ మొదట సరిపోలిన రూట్ దగ్గర వెతుకులాట ఆగిపోతుంది. ఏ రూట్‌కూ సరిపోలని నంబరు బయటికి పోదు. ఈ చివరి వాక్యమే ఈ వ్యవస్థకు ఉన్న గొప్ప బలం: నిషేధించవలసినవాటిని రాసుకుంటూ పోనక్కరలేదు, అనుమతించినవాటిని మాత్రమే రాస్తే చాలు.

ఆ బలాన్ని పోగొట్టేది ఆ చుక్కే. తొందరలో ఉన్న ఇన్‌స్టాలర్లు సున్నా పక్కన చుక్క పెట్టి పని అయిందనుకుంటారు. అప్పుడు మొబైల్, ఎస్టీడీ, ఐఎస్‌డీ ఒకే నమూనాలో వెళ్లిపోతాయి. ఇంకా తొందరపడేవారు ఎక్స్ పక్కన చుక్క పెడతారు. దానికిక హద్దే లేదు. కింద ఎంత జాగ్రత్తగా ఐఎస్‌డీ రూట్ రాసి దానికి రహస్య సంఖ్య పెట్టినా, పైన ఇటువంటి రూట్ ఉంటే కాల్ కిందిదాకా రానే రాదు. ఈ రూట్ కింద ఉన్నా, పైన కుదరని కాల్ దిగివచ్చి ఇందులోంచి బయటపడుతుంది. గట్టుకు ఎక్కడ గండి ఉంటే నీరు అక్కడినుంచే పోతుంది. ఈ వ్యవస్థను సమీక్షించేవారు చూడవలసిన మొదటి విషయం రూట్ల జాబితాలో చుక్కలు ఎన్ని ఉన్నాయి, అవి ఎక్కడ ఉన్నాయి అన్నదే. మా అమరికలో కాల్‌ను బయటికి పంపే రూట్లలో చుక్క ఐఎస్‌డీ రూట్లలో మాత్రమే ఉంది, అదీ దేశపు కోడ్ రాసిన తరువాతే. మిగిలినచోట్ల ప్రతి నంబరు పొడవు ఎక్స్‌లతో ఖచ్చితంగా రాసి ఉంది.

జాబితాలో అన్నింటికంటే పైన అత్యవసర నంబర్ల రూట్ ఉంది: 112, 100, 101, 108. దీనికి రహస్య సంఖ్య లేదు, సమయ పరిమితి లేదు, ఎక్స్‌టెన్షన్ భేదం లేదు. రూట్ రకాల్లో అత్యవసరం అనే గుర్తు విడిగా ఉండడం బాగుంది. ఈ రూట్‌లో ట్రంకుల వరుసలో మొదట ల్యాండ్‌లైన్‌ను, తరువాత ఎస్ఐపీ ట్రంక్‌ను, అంటే ఇంటర్నెట్ మీదుగా నడిచే లైనును పెట్టాను, ఎందుకంటే ఇంటర్నెట్ ఆగినప్పుడు కూడా ల్యాండ్‌లైన్ పనిచేసే అవకాశం ఉంది, పైగా ఎస్ఐపీ ట్రంక్ నంబరు వేరే ఊరిదైతే అత్యవసర కాల్ ఏ కంట్రోల్ రూముకు చేరుతుందో టెలికాం ఆపరేటరును అడిగి తేల్చుకోవలసి ఉంటుంది. 108 సేవ 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైనది. ఆ నంబరు కలవని ఫోన్‌ను ఈ ప్రాంతపు కార్యాలయంలో ఊహించలేము. అయినా కలవని ఫోన్లు ఉంటాయి, దానికి కారణం ఆంక్ష కాదు, ఎక్స్‌టెన్షన్ నంబర్లు. మన కార్యాలయాల్లో ఎక్స్‌టెన్షన్లను 100 నుంచో 101 నుంచో మొదలుపెట్టే అలవాటు బలంగా ఉంది. అటువంటిచోట మంటలు చెలరేగినప్పుడు 101 నొక్కితే అకౌంట్స్ విభాగంలో ఫోన్ మోగుతుంది. ఎక్స్‌టెన్షన్లను 200 నుంచి మొదలుపెట్టడం ఈ చిక్కుకు పూర్తి పరిష్కారం, ఖర్చు లేనిది. ఇది ఏ టెలిఫోన్ వ్యవస్థకైనా వర్తిస్తుంది.

తరువాతి రూట్లు మామూలువే. విజయవాడ స్థానిక ల్యాండ్‌లైన్లు ఏడు అంకెలవి. మొబైల్, ఎస్టీడీ కలిపి సున్నాతో మొదలయ్యే పదకొండు అంకెలవి, అయితే రెండో అంకె సున్నా కాకూడదు. 1800 నంబర్లలో మొత్తం పది అంకెలవీ పదకొండు అంకెలవీ ఉంటాయి కాబట్టి రెండు నమూనాలు. 1860 ఉచితం కాదన్న సంగతి గుర్తుంచుకుని దాన్ని వేరుగా రాయడం మంచిది. వీటిలో చెప్పుకోదగిన విశేషం లేదు.

పాత పెట్టె నుంచి మారినవారి చేతి అలవాటు మాత్రం విశేషమే. బయటి లైను కోసం ముందు సున్నా నొక్కడం వారికి అలవాటు. ఫ్రీపీబీఎక్స్‌లో ఆ అవసరం లేదు, నేరుగా నంబరు నొక్కవచ్చు, అయినా నొక్కుతారు. 2021కి ముందు ఇది పెద్ద నష్టం చేసేది కాదు. ఇప్పుడు మొబైల్‌కు ఎలాగూ ఒక సున్నా ఉంది కనుక, అలవాటు సున్నా కలిస్తే రెండు సున్నాలవుతాయి. 98తో మొదలయ్యే మొబైల్‌కు చేయబోయి 0098 నొక్కినట్టవుతుంది. 0098 ఇరాన్ దేశపు కోడ్. 94తో మొదలయ్యేది శ్రీలంకకు, 93తో మొదలయ్యేది అఫ్గానిస్థాన్‌కు, 81తో మొదలయ్యేది జపాన్‌కు దారి పడుతుంది. ఐఎస్‌డీ అందరికీ తెరిచి ఉంచిన కార్యాలయంలో ఈ పొరపాటు బిల్లులో కనిపిస్తుంది. మూసినచోట కాల్ ఆగిపోతుంది, ఉద్యోగి లైను బాగాలేదని ఫిర్యాదు చేస్తారు. నమూనాలకు ముందు తీసివేయవలసిన అంకెను రాసుకునే గడి ఒకటి ఉంది. పాత అలవాటును గౌరవించాలనుకుంటే ఆ గడిలో సున్నా కాక 9 రాసి, బయటి లైనుకు 9 నొక్కమని చెప్పడం క్షేమం. మేము ఆ అంకెనే తీసేశాము. మొదటి వారాల్లో విసుక్కున్నవారు తరువాత సర్దుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఐఎస్‌డీ ఎవరికి? ఫ్రీపీబీఎక్స్ ఉచిత భాగంలో ఎక్స్‌టెన్షన్‌ను తెరిచి దానికి ఫలానా తరగతి అని రాసే చోటు లేదు. క్లాస్ ఆఫ్ సర్వీస్ అనే మాడ్యూల్ (అదనపు భాగం) ఆ పని చేస్తుంది, కాని దాన్ని డబ్బు పెట్టి కొనాలి. కొనకుండా పని జరగడానికి ఒక దారి ఉంది. ప్రతి నమూనాకు చివర కాలర్ ఐడీ అనే గడి ఉంటుంది. కార్యాలయం లోపలినుంచి చేసే కాల్‌కు అక్కడ పోల్చేది బయటికి కనిపించే నంబరును కాదు, ఎక్స్‌టెన్షన్ నంబరునే. అందువల్ల ఐఎస్‌డీ నమూనా పక్కన 4 వేసి రెండు ఎక్స్‌లు రాస్తే 400 నుంచి 499 వరకు ఉన్న ఎక్స్‌టెన్షన్లకే ఆ దారి తెరుచుకుంటుంది. మా కార్యాలయంలో కౌన్సెలర్లందరికీ నాలుగు వందల వరుస, మిగిలిన ఉద్యోగులకు రెండు వందల వరుస, రిసెప్షన్‌కూ సమావేశ గదులకూ మూడు వందల వరుస ఇచ్చాము. ఎక్స్‌టెన్షన్ నంబరును చూడగానే దాని హక్కులు తెలిసిపోతాయి.

ఈ ఉపాయం నాకు నచ్చింది గాని, దాని లోటు కూడా చెప్పాలి. ఒక ఉద్యోగి కౌన్సెలరుగా మారితే పాత పెట్టెలో తరగతి సంఖ్య ఒక్కటి మార్చితే సరిపోయేది. ఇక్కడ ఎక్స్‌టెన్షన్ నంబరే మారుతుంది, లేదా ఐఎస్‌డీ రూట్‌లో ఆ ఒక్క నంబరు కోసం అదనంగా ఒక వరుస చేర్చాలి. అటువంటి మినహాయింపులు పెరిగేకొద్దీ జాబితాను చదవడం కష్టమవుతుంది. తరచూ సిబ్బంది మారే కార్యాలయానికి, డబ్బు పెట్టే మాడ్యూలే చివరికి చవకగా తేలవచ్చు.

రెండో మార్గం రహస్య సంఖ్యలు. రూట్ మొత్తానికి ఒకే పాస్‌వర్డ్ పెట్టవచ్చు, కాని దాన్ని నేను సిఫారసు చేయను. ఒకరికి తెలిసినది కార్యాలయం మొత్తానికి తెలియడానికి ఎక్కువ సమయం పట్టదు. పిన్ సెట్ అనే ఏర్పాటు మేలైనది. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చి, ఆ జాబితాను ఐఎస్‌డీ రూట్‌కు తగిలిస్తే, నంబరు నొక్కిన తరువాత వ్యవస్థ సంఖ్యను అడుగుతుంది. కాల్ రికార్డులో నమోదు చేయమనే గుర్తు పెడితే ఏ కాల్ ఏ సంఖ్యతో వెళ్లిందో నెలవారీ నివేదికలో కనిపిస్తుంది. ఒకే బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురు వంతులవారీగా కూర్చునే చోట ఎక్స్‌టెన్షన్ నంబరుతో మనిషి తెలియడు, పిన్‌తోనే తెలుస్తాడు. యాజమాన్యం కోరిన మూడో విషయం దీనితోనే నెరవేరింది. సంఖ్య పక్కవారికి చెప్పవద్దని చెప్పినదానికంటే, నివేదికలో ఆ కాల్ మీ పేరు మీద పడుతుందని చెప్పినది బాగా పనిచేసింది.

ఏ దేశాలకు అన్నది కూడా ముఖ్యమే. రెండు సున్నాల పక్కన చుక్క పెట్టి ప్రపంచం మొత్తాన్ని తెరవడం అనవసరం. బ్రిటన్‌కు 0044, ఆస్ట్రేలియాకు 0061, ఐర్లండ్‌కు 00353, జర్మనీకి 0049 విడివిడిగా రాశాము. అమెరికా విషయంలో జాగ్రత్త కావాలి. 001 అంటే అమెరికా, కెనడాలు మాత్రమే కాదు. జమైకా, డొమినికన్ రిపబ్లిక్, గ్రెనడా వంటి కరీబియన్ దేశాలెన్నో అదే కోడ్‌ను పంచుకుంటాయి, వాటికి అయ్యే రుసుము వేరు. మోసగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కాబట్టి 001 రూట్‌కు ముందు 001876, 001809, 001473 వంటి కోడ్‌లను పట్టుకునే రూట్ ఒకటి పెట్టి, దాన్ని ట్రంక్‌కు కాకుండా రికార్డు చేసిన ఒక ప్రకటనకు మళ్లించడం మంచిది. అనుమతించినవే రాయాలన్న సూత్రానికి ఈ ఒక్కచోటే మినహాయింపు అవసరమవుతుంది.

సమయ పరిమితి పెట్టుకునే వీలు ఈ వ్యవస్థలో నాకు అన్నింటికంటే నచ్చిన అంశం. రూట్‌కు ఒక టైమ్ గ్రూప్ తగిలిస్తే ఆ వేళల్లోనే ఆ దారి ఉంటుంది. మామూలు కార్యాలయానికి ఉదయం నుంచి సాయంత్రం వరకు అని రాస్తే చాలు. విదేశీ విద్యా కార్యాలయానికి అలా కుదరదు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియాకు ఇంకో మూడు గంటలు కలపాలి. సిడ్నీలో పగలు మనకు తెల్లవారకముందే మొదలవుతుంది కనుక ఆస్ట్రేలియా కాల్స్ మన ఉదయం వేళలోనే ముగియాలి. పాత పెట్టెలోని పగలు, రాత్రి అనే రెండు ముక్కల విభజనలో ఇది ఇమడదు. ఇక్కడ అమెరికా రూట్‌ను సాయంత్రం 6:30 నుంచి రాత్రి 11 వరకు, ఆస్ట్రేలియా రూట్‌ను ఉదయం 9 నుంచి మధ్యాహ్నం వరకు తెరిచి, మిగిలిన వేళల్లో, ఆదివారాల్లో రెండింటినీ మూసేశాము. అమెరికాలో గడియారం ముందుకూ వెనక్కూ జరిగినప్పుడు టైమ్ గ్రూప్ దానంతటది మారదు. అందుకే ఆ గంట తేడాను ముందే కలుపుకుని వేళలు రాయాలి. సర్వరు గడియారం భారత కాలమానంలో ఉందో లేదో చూసుకోవడం మరిచిపోకూడదు.

ఇంతవరకు మూసినవి ముందు తలుపులు. పక్క తలుపుల్లో మొదటిది కాల్ ఫార్వర్డింగ్. స్టార్ 72 నొక్కి ఎవరైనా తమ ఎక్స్‌టెన్షన్‌ను బయటి నంబరుకు మళ్లించుకోవచ్చు. అప్పుడు ఆ ఎక్స్‌టెన్షన్‌కు వచ్చే ప్రతి కాల్ కార్యాలయం ఖర్చుతో బయటికి వెళ్తుంది. స్టార్ 90, స్టార్ 52 కూడా ఆ కుటుంబానికి చెందినవే. ఫీచర్ కోడ్‌ల పేజీలో వీటిని ఒక్కొక్కటిగా ఆపివేయవచ్చు. అవసరమైన ఒకరిద్దరికి, వచ్చిన కాల్‌ను వారి ఇతర ఫోన్లకు పంపే ఫాలో మీ ఏర్పాటును నిర్వాహకుడే రాసి ఇవ్వవచ్చు. రెండోది డీసా, అంటే బయటినుంచి కార్యాలయానికి ఫోన్ చేసి, లోపలి ఎక్స్‌టెన్షన్‌లా మళ్లీ బయటికి కాల్ చేసే సౌకర్యం. గట్టి కారణం లేకపోతే దాన్ని అసలు సృష్టించకపోవడమే మేలు. మూడోది సాఫ్ట్‌ఫోన్లు (మొబైల్‌లోనో కంప్యూటర్‌లోనో ఎక్స్‌టెన్షన్‌లా పనిచేసే యాప్‌లు) పంపే ప్లస్ గుర్తు. మొబైల్‌లోని పరిచయాల జాబితా నుంచి నొక్కిన నంబరు ప్లస్ 91తో వస్తుంది, దానికి నమూనా లేకపోతే ఊరిలోని కాల్ కూడా పోదు. ఇది భద్రతా లోపం కాదు, కాని ఆంక్ష తప్పుగా పెట్టారన్న ఫిర్యాదులకు ఇదే ముఖ్య కారణం. నాలుగోది సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా కనిపించదు: ల్యాండ్‌లైన్ తీగ గేట్‌వేకు (దాన్ని ఫ్రీపీబీఎక్స్‌తో కలిపే పరికరానికి) చేరకముందే దానికి తగిలించిన సమాంతర ఫోన్. మేనేజరు గదిలోనో, వాచ్‌మన్ బల్ల మీదనో ఉండే ఆ ఫోన్‌కు ఫ్రీపీబీఎక్స్ నియమాలేవీ వర్తించవు.

ఐఎస్‌డీ ఉన్నవారు కాల్ కలిపి లేనివారికి బదిలీ చేయడాన్ని ఏ నమూనా ఆపలేదు. అది రికార్డులో మొదట చేసినవారి పేరుతోనే కనిపిస్తుంది, అంతవరకే దీని శక్తి.

బయటివారి విషయం వేరే. బలహీనమైన పాస్‌వర్డ్ ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను ఇంటర్నెట్ మీదినుంచి చేజిక్కించుకుని, సెలవుల్లో, రాత్రివేళల్లో ఖరీదైన విదేశీ నంబర్లకు వరుసగా కాల్స్ చేసి ఆ రాబడిలో వాటా తీసుకునే మోసం ప్రపంచమంతటా ఉన్నదే. ఆ బిల్లు చందాదారుడి మీదనే పడుతుంది. సమయ పరిమితి, దేశాల జాబితా, పిన్ మూడూ కలిసి ఈ నష్టాన్ని చాలావరకు కట్టడి చేస్తాయి. ట్రంక్‌కు ఏకకాలంలో ఎన్ని కాల్స్ వెళ్లవచ్చో పరిమితి రాసే గడి కూడా ఉంది. ఐఎస్‌డీకి వేరే ట్రంక్ ఉంటే అక్కడ చిన్న సంఖ్య రాయడం తెలివైన పని. కాని నిర్వాహక పేజీయే బయటికి తెరిచి ఉంటే ఇవేవీ నిలవవు. 2025 ఆగస్టులో, బల్లల మీది ఫోన్ల అమరికలు చూసే ఎండ్‌పాయింట్ మాడ్యూల్‌లో బయటపడిన లోపం, సీవీఈ-2025-57819 అనే గుర్తుతో నమోదైనది, పాస్‌వర్డ్ లేకుండానే నిర్వాహక భాగంలోకి చొరబడనిచ్చేది. 15, 16, 17 వెర్షన్లు మూడూ దాని బారిన పడ్డాయి, సవరణ రాకముందే దాడులు జరిగాయి. నిర్వాహక పేజీని కార్యాలయం లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేసి, సవరణలను వెంటనే వేసుకునేవారు ఉంటేనే ఫ్రీపీబీఎక్స్ పెట్టుకోవాలి. 16వ వెర్షన్ నడిచే పాత యంత్రాల కింద ఉన్న సెంట్‌ఓఎస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది కనుక అక్కడే ఆగిపోయినవారు మారక తప్పదు. విదేశాలకు అసలు ఫోన్ చేయని కార్యాలయమైతే, ఆపరేటరుకు ఉత్తరం రాసి లైను మీదే ఐఎస్‌డీ తీసివేయించడం వీటన్నింటికంటే గట్టి ఆంక్ష.

వాడుక సౌలభ్యం గురించి రెండు మాటలు. ఏ మార్పు చేసినా సబ్మిట్ నొక్కిన తరువాత అప్లై కాన్ఫిగ్ అనే ఎర్ర బొత్తాన్ని కూడా నొక్కాలి. అప్పటిదాకా పాత నియమమే నడుస్తుంది. కాల్ ఆగినప్పుడు వినిపించే సందేశం, నంబరు సరిచూసుకుని మళ్లీ డయల్ చేయమని ఇంగ్లీషులో చెబుతుంది. ఉద్యోగికి దాన్నిబట్టి ఆంక్ష అని తెలియదు, నంబరు తప్పనుకుంటారు. అందుకే కౌన్సెలర్ల ఐఎస్‌డీ రూట్లన్నింటికీ కింద, జాబితా చివర, మిగిలిన 00 నంబర్లన్నింటినీ పట్టుకునే ట్రంక్ లేని రూట్ పెట్టి, ఈ ఫోన్ నుంచి విదేశీ కాల్స్‌కు అనుమతి లేదు, అవసరమైతే రిసెప్షన్‌ను సంప్రదించండి అని తెలుగులో రికార్డు చేసిన ప్రకటనకు కలిపాము. ఆ తరువాత లైను బాగాలేదన్న ఫిర్యాదులు తగ్గాయి. ఇంత అవసరమైన సదుపాయాన్ని ముందే సిద్ధంగా ఇవ్వకపోవడం ఈ సాఫ్ట్‌వేర్ లోపాల్లో ఒకటిగానే లెక్కిస్తాను.

పరీక్షించే సాధనం విషయంలో కూడా నాకు అసంతృప్తి ఉంది. ఫలానా ఎక్స్‌టెన్షన్ నుంచి ఫలానా నంబరు ఫలానా వేళకు నొక్కితే ఏ రూట్ పడుతుందో చూపే పేజీ ఒకటి ఉంటే ఎంతో శ్రమ తప్పేది. ఆస్టరిస్క్ కన్సోల్‌లో కాల్ నడిచే దారిని వరుసగా చూడవచ్చు గాని, అది అలవాటున్నవారికే అర్థమవుతుంది. మేము ప్రతి వరుస నుంచి ఒక ఫోన్ తీసుకుని, పోవలసిన నంబర్లనూ పోకూడని నంబర్లనూ రెండింటినీ నొక్కి చూశాము. పోకూడనివి పోకపోవడాన్ని చూడడం ఎవరికీ తోచదు. అసలు చూడవలసింది అదే.

ఎవరికి ఇది సరిపోతుంది? ఇరవై ఎక్స్‌టెన్షన్లు దాటి, విదేశీ కాల్స్ నిజంగా అవసరమై, నెలకొకసారైనా ఈ పేజీలు తెరిచి చూసే మనిషి ఉన్న కార్యాలయానికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నాలుగు ఫోన్లున్న దుకాణానికీ, కంప్యూటర్ మనిషి ఏడాదికి ఒకసారి వచ్చిపోయే ఆసుపత్రికీ ఐదు తరగతుల పాత పెట్టెయే మేలు. బయటి ఇన్‌స్టాలరు చేత పెట్టించుకునేవారు మాత్రం తుది చెల్లింపుకు ముందు మూడు వస్తువులు చేతికి తీసుకోవాలి: నిర్వాహక పాస్‌వర్డ్, వ్యవస్థ మొత్తం బ్యాకప్, ఔట్‌బౌండ్ రూట్లలోని నమూనాలను ఎగుమతి చేసిన ఫైలు. ఆ ఫైలును ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరిచి చుక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవచ్చు, దానికి టెలిఫోన్ పరిజ్ఞానం అక్కరలేదు.